ఏటికొప్పాక భరిణె: రంగు కన్నా ముందు పదును

2017లో జీఐ గుర్తింపు వచ్చిన ఏటికొప్పాక కుంకుమ భరిణెలు చూసే ఉంటారు. అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉందీ ఊరు. ఆ రంగు బ్రష్‌తో వేసింది కాదండీ. లేత్ మీద తిరిగే అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది.

కరెంటు రాకముందు ఒక మనిషి తాడు లాగితే కర్ర తిరిగేది, ముందుకీ వెనక్కీ. ఉలి కోసేది మాత్రం ఒకవైపు తిరిగినప్పుడే. అంటే లాగినదాంట్లో సగం వృథా! ఇక ఉలి మొద్దుబారితే లాగేవాడి పని అయిపోయినట్టే. కర్రకి పీచు లేస్తుంది, దానిమీద లక్క నున్నగా పరుచుకోదు. అందుకే మధ్యమధ్యలో ఆపి సాన పట్టాల్సిందే.

మోటారు వచ్చాక తాడు లాగే మనిషి అక్కర్లేకపోయాడు, సానరాయి మాత్రం ఇంకా పక్కనే ఉంది. ఈసారి భరిణె కొంటే మూత తీసి లోపల వేలితో తడమండి. గరుకు తగిలితే, సాన పట్టకుండానే తొలిచేశారేమో అనుకోవచ్చు.