పాలమూరు, నల్లగొండల్లో చెట్టు డీజిల్: తప్పంతా మొక్కదేనా?

దక్షిణ తెలంగాణ మెట్టల్లో బయోడీజిల్ కథ ఎవరు చెప్పినా దాదాపు ఒకేలా ముగుస్తుంది. జట్రోఫా చెప్పినంత కాయలేదు, రైతు నష్టపోయాడు, పథకం అటకెక్కింది. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ నేరమంతా మొక్క మీదికి నెట్టేస్తే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జరిగింది సగమే తెలుస్తుంది. పైగా అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జట్రోఫా దగ్గరే ఆగిపోలేదు, కొద్దికాలానికే కానుగ వైపు మొగ్గింది. కానుగ ఈ నేలకు కొత్త కాదు. దాని రొట్టను పొలాల్లో తొక్కారు, పిండిని ఎరువుగా చల్లారు, నూనెను దీపాలకూ సబ్బులకూ వాడారు. అలాంటి చెట్టుతోనూ పథకం ఎందుకు నిలబడలేదన్నది అసలు ప్రశ్న.

గింజల నూనెతో ఇంజన్ నడపడం మన కాలపు ఊహ కాదు. 1900లో పారిస్ ప్రదర్శనలోనే చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపారు. 1937లో బెల్జియంలో పామాయిల్‌ను ఆల్కహాల్‌తో కలిపి ఇంధనంగా మార్చే పద్ధతికి పేటెంట్ ఇచ్చారు. ముడిచమురు చవగ్గా దొరికినన్నాళ్లూ ఆ విద్య మూలన పడింది.

ఈ రెండు జిల్లాలకు సొంత నూనె పంట లేకపోలేదు. ఎర్ర చెల్కల్లో వానమీదే పండే ఆముదానికి ఒకప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో ఇవే పెద్ద దిక్కు. పాలెం పరిశోధన కేంద్రం క్రాంతి, హరిత వంటి ఆముదం రకాలను ఇచ్చింది. అయినా బయోడీజిల్ ప్రణాళికలో ఆముదానికి చోటు దక్కలేదు. దానికి కారణం ఉంది. ఆముదం నూనెలో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లమే కావడంతో దాని నుంచి తీసిన ఇంధనం కూడా చిక్కగానే ఉంటుంది. రంగులకూ కందెనలకూ మందులకూ మంచి ధర పలికే నూనెను బస్సులో పోసి తగలబెట్టడం తెలివైన పనీ కాదు.

2003లో ప్రణాళికా సంఘం కమిటీ డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలన్న లక్ష్యం పెట్టింది, గడువు 2011-12. రాష్ట్రంలో ఈ బాధ్యత వర్షాభావ ప్రాంతాల అభివృద్ధి శాఖకు అప్పగించారు. మేఘమథనం చేయించిందీ ఆ శాఖే. మబ్బుల్లోంచి వాన, బీడులోంచి డీజిల్ ఒకే శాఖ చేతికి రావడం ఆ రోజుల ఆశ ఎంతటిదో చెబుతుంది. 2006లో ఉపాధి హామీ మొదటి విడతలోనే ఈ రెండు జిల్లాలూ ఉన్నాయి కనుక మొక్కలు నాటించే కూలికి డబ్బు దొరికింది. నల్లగొండ జిల్లా సంస్థాన్ నారాయణపురంలో సదరన్ ఆన్‌లైన్ బయో టెక్నాలజీస్ కర్మాగారం జర్మనీ లుర్గి సంస్థ పరిజ్ఞానంతో వెలసింది.

అంటే మొక్కకూ మిల్లుకూ లోటు లేదు. మధ్యలో గింజ ఏరే మనిషి సంగతే ఎవరికీ పట్టలేదు.

కేంద్రం 2005 అక్టోబరులో ప్రకటించిన కొనుగోలు విధానం లీటరు బయోడీజిల్‌కు 25 రూపాయలు నిర్ణయించింది. మిల్లులో ఆడిస్తే కానుగ గింజైనా జట్రోఫా గింజైనా బరువులో నాలుగో వంతు నూనె దిగుతుంది. లీటరుకు ఇంచుమించు 4 కిలోల గింజ కావాలన్నమాట. ఆ 25 రూపాయలూ గింజకే ఇచ్చేసినా కిలోకు దక్కేది ఆరుంబావు. 2006లో ఉపాధి హామీ కూలి రోజుకు 80 రూపాయలు. ఆ కూలి గిట్టాలంటే ఒక మనిషి రోజుకు 13 కిలోల దాకా గింజ ఏరి, పొట్టు ఒలిచి ఇవ్వాలి. రవాణా, గానుగ ఖర్చు, మిథనాల్, మిల్లు లాభం ఇంకా లెక్కలోకే రాలేదు. పిండి, గ్లిజరిన్ అమ్మితే కొంత తిరిగొస్తుంది, నిజమే. కానీ జట్రోఫా పిండిలో విషం ఉంటుంది, పశువులకు పెట్టలేరు.

కాలం కూడా కలిసిరాలేదు. కానుగ కాయ ముదిరేది ఎండాకాలంలో. పాలమూరు కూలీలు మట్టి పనులకు ఊళ్లు విడిచిపోయేదీ అప్పుడే. ఉపాధి హామీ వచ్చాక ఊళ్లో ఆగిన చేతులకు ఏరుడు కంటే మెరుగైన కూలి దొరికింది. మొక్కలు నాటడానికి డబ్బిచ్చిన పథకమే గింజ ఏరడాన్ని గిట్టకుండా చేసింది!

ఈ వాదనకు ఎదురుగా ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడను చూపుతారు. అక్కడి ఆదివాసీ మహిళా సంఘాలు కానుగ నూనె తీశాయి. 147 టన్నుల కార్బన్ తగ్గింపును 2003లో ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మాయి కూడా. అయితే అక్కడ పెద్ద చెట్లు అడవిలో ముందే ఉన్నాయి, మిల్లు సంఘాలదే. పాలమూరులో నాటిన మొక్క కాపుకు రావడానికే అయిదారేళ్లు కావాలి. పది టన్నుల నూనెకు నలభై టన్నుల గింజ మింగే కర్మాగారం అన్నేళ్లు ఆగలేదు. జంతు కొవ్వు, కొవ్వు ఆమ్లాల వంటి ముడిసరుకు వైపు మళ్లింది.

మొక్కను పూర్తిగా వెనకేసుకు రావడమూ సరికాదు. జట్రోఫా దిగుబడి నేల నేలకూ మారింది, నీరు నిలిస్తే మొదలు కుళ్లింది. కానీ దిగుబడి రెట్టింపైనా చేతికూలి లెక్క పెద్దగా మారదు, కాయలు ఎక్కువైతే ఏరుడూ ఎక్కువే. పైగా పోటీ పడాల్సింది రాయితీ డీజిల్‌తో. 2008 జూలైలో ముడిచమురు పీపా 147 డాలర్లకు ఎగబాకినా బంకు దగ్గర ఆ సెగ పూర్తిగా తగలనివ్వలేదు. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేసేనాటికి ముడిచమురే పడిపోతోంది.

ఇప్పుడు లక్ష్యం చిన్నదైంది. 2018 జాతీయ విధానం 2030 నాటికి 5 శాతం చాలంది, వాడేసిన వంటనూనెను ముందుకు తెచ్చింది. ఈలోగా ఎత్తిపోతల నీళ్లొచ్చి మెట్టల్లో వరి పెరిగింది, ధాన్యంతో ఇథనాల్ తీసే కర్మాగారాలు వచ్చాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోని చిత్తనూరు చుట్టుపక్కల ఊళ్లు 2023లో అలాంటి ఒకదానిపై కాలుష్యం గురించి ఆందోళనకు దిగాయి. తినే గింజను ఇంధనం చేయడంకన్నా వాడేసిన నూనెను మార్చడం నయమే. కాకపోతే మెట్టరైతుకు, కూలీకి ఆదాయమన్న 2003 నాటి మాటను ఎవరూ రద్దు చేయకుండానే వదిలేశారు. కాగిన నూనె పీపాలకెత్తేది హైదరాబాద్ హోటళ్లలో, అచ్చంపేటలోనో దేవరకొండలోనో కాదు.