స్వప్నకాలం - సాక్షి

కలను కలగా ఎరిగి చూచే సాధకునికి, ఆ కొద్ది వ్యవధినే దీర్ఘకాలంగా అనుభవించాలనే కోరిక కలగడం సహజం. స్వప్నంలో కాలం సాగునా అన్న విచారణ వేదాంతంలో ప్రాచీనమైనదే.

స్వప్నకాలం అల్పమైనందున దేహం దూరదేశాలకు వెళ్లి చూడజాలదని, కనుక స్వప్నదృశ్యాలు మిథ్య అని మాండూక్యకారికలలో గౌడపాదాచార్యులు నిరూపించారు. బ్రహ్మసూత్రభాష్యంలో (3.2.3) శంకరభగవత్పాదులు ముహూర్తమాత్రపు, అనగా 48 నిమిషాల, కలలో అనేక సంవత్సరాలు గడచినట్లు తోచడాన్ని ప్రస్తావించారు. యోగవాసిష్ఠంలో లవణమహారాజు సింహాసనం వీడకుండానే ఐంద్రజాలికుని మాయవలన మరొక జీవితాన్ని ఆమూలాగ్రం అనుభవించాడు.

1980వ దశకంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు స్టీఫెన్ లాబెర్జ్, కలను కలగా ఎరిగిన నిద్రితులచేత కలలోనే అంకెలు లెక్కింపజేశారు. వారి నేత్రచలన సంకేతాలను బట్టి కాలాన్ని కొలువగా, అది జాగ్రదవస్థలో పట్టే కాలానికి దాదాపు సమానమని తేలింది. అనగా సంవత్సరాలు గడచిన భావన కలుగవచ్చునే గాని, లెక్కింపుకు పట్టే కాలం సాగలేదు.

ఆచార్యులు స్వప్నదైర్ఘ్యాన్ని ప్రస్తావించినది దానిని పెంచుకొనడానికి కాదు. కాలం సైతం కల్పితం కాగలదని చూపడానికి. కల ఎంత దీర్ఘమైనా మెలకువతో బాధితమవుతుంది. దానిని చూచిన సాక్షికి హ్రస్వదీర్ఘాలు లేవు. సాధకుడు అన్వేషించవలసినది ఆ సాక్షినే.