అన్నీ ఉన్న హైక్‌లో అమ్మ లేదు

2011 సెప్టెంబరు 27 నుంచి ఒక సిమ్ నుంచి రోజుకు 100 ఎసెమ్మెస్‌లే వెళ్లాలని ఢిల్లీలోని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆంక్ష పెట్టింది. గురి పెట్టింది టెలిమార్కెటింగ్ వాళ్ల మీద, తగిలింది కాలేజీ పిల్లలకు. గోల రేగితే నవంబరులో 200 చేశారు. మనుషులు ఒకరికొకరు పంపుకునే మెసేజ్‌లకు ఈ లెక్క చెల్లదని 2012 జులైలో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. అప్పటికే జనం వేరే దారి వెతుక్కుంటున్నారు.

ఆంక్ష కన్నా ఎక్కువ చిరాకు పెట్టింది పండగలు. దీపావళికీ, న్యూ ఇయర్‌కీ ఎసెమ్మెస్ ప్యాకు చెల్లేది కాదు. నెలంతా చవగ్గా పోయే మెసేజ్‌కి, సరిగ్గా అందరికీ శుభాకాంక్షలు చెప్పుకునే రోజున పూర్తి రేటు పడేది. వాటిని టెలికాం కంపెనీలు ‘బ్లాకౌట్ డే’లనేవి. మన దేశంలో ఇంటర్నెట్ మెసేజింగ్‌కి పైసా తీసుకోకుండా ప్రచారం చేసిపెట్టినవి ఆ బ్లాకౌట్ డేలేనని నా నమ్మకం.

దారులు చాలానే ఉండేవి. ఆఫీసు కంప్యూటర్లో యాహూ మెసెంజర్, జీటాక్. చేతిలో బ్లాక్‌బెర్రీ ఉన్నవాళ్లకు బీబీఎం. దాని పిన్ ఇచ్చిపుచ్చుకోవడం అప్పట్లో ఓ హోదా. ఆ మెసేజ్‌లు ప్రభుత్వం చూసే వీలు కల్పించకపోతే సేవలు ఆపేయిస్తామని 2010 ఆగస్టులో కేంద్ర హోంశాఖ గడువు కూడా పెట్టింది. నోకియా ఫోన్ల వాళ్లకు నింబజ్ ఉండేది. యాహూ, జీటాక్, ఫేస్‌బుక్ చాట్ అన్నీ ఒకే తెర మీద చూపించేది. నెదర్లాండ్స్‌లో పుట్టిన ఆ కంపెనీ తర్వాత గుర్గావ్‌కు మకాం మార్చింది.

ఈ సందడిలోనే 2012 డిసెంబరు 12న, అంటే 12-12-12న, ఢిల్లీ నుంచి హైక్ వచ్చింది. పెట్టింది కవిన్ భారతీ మిత్తల్. లండన్ ఇంపీరియల్ కాలేజీలో చదివొచ్చిన కుర్రాడు, ఎయిర్‌టెల్ అధినేత సునీల్ భారతీ మిత్తల్ కొడుకు. తండ్రి కంపెనీకి ఎసెమ్మెస్ మీద ఆదాయం, కొడుకు కంపెనీ పని ఎసెమ్మెస్‌ను పక్కకి నెట్టడం! 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కి విడిగా డబ్బు వసూలు చేస్తామని ప్రకటించి, జనం విరుచుకుపడితే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఒకే ఇంట్లో రెండు కాలాలు కాపురం ఉన్నాయన్నమాట.

హైక్ చేసినవాళ్లు మన కుర్రకారును బాగా చదివారు. స్నేహితుణ్ని చేర్పిస్తే టాక్‌టైమ్ ఇచ్చేవారు. యాప్ లేనివాళ్లకు కూడా అందులోంచి ఉచితంగా ఎసెమ్మెస్ పంపే వీలు పెట్టారు. తెలుగుతో సహా మన భాషల్లో మాటలు రాసిన స్టిక్కర్లు ఇచ్చారు. ఫోన్లో తెలుగు టైపు చేయాలంటే తల ప్రాణం తోకకొచ్చే రోజులవి. ఒక్క నొక్కుతో అలకో వెటకారమో తెలుగులో పోతుంటే ఎవరికి ముద్దు కాదు?

అన్నిటికన్నా గడుసైనది హిడెన్ మోడ్. పైన మూలన ‘హాయ్’ అన్న చిన్న గుర్తు ఉండేది. దాన్ని తాకి పాస్‌వర్డ్ కొడితే దాచిన చాట్‌లు బయటికొచ్చేవి. మళ్లీ తాకితే మాయం. ఫోన్ అమ్మ చేతికిచ్చినా, అన్నయ్య లాక్కున్నా ఏమీ కనపడదు. సొంత గది సంగతి అటుంచి సొంత బీరువా అర కూడా లేని ఇళ్లలో పెరిగిన పిల్లలకు అది ఎంత ఊరటో వాట్సాప్ తయారుచేసిన కాలిఫోర్నియా వాళ్లకు తట్టి ఉండదు. 2015లో హైక్ డైరెక్ట్ వచ్చింది. వంద మీటర్ల లోపు ఉన్నవాళ్లకి ఇంటర్నెట్ లేకుండానే మెసేజ్‌లు, ఫైళ్లు పంపే వీలుండేది.

2016 జనవరికి వాడకందార్లు 10 కోట్లు దాటారని కంపెనీ చెప్పింది. ఆ ఆగస్టులో టెన్సెంట్, ఫాక్స్‌కాన్ వంటి సంస్థలు 17.5 కోట్ల డాలర్లు పెట్టాయి. కంపెనీ విలువను 140 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు.

మరి ఓడిందెక్కడ?

వాట్సాప్‌లో అప్పటికి స్టిక్కర్లూ లేవు, దాపరికమూ లేదు. ప్రకటనలు, ఆటలు, గిమ్మిక్కులు వద్దని తోటి వ్యవస్థాపకుడు బ్రయాన్ ఆక్టన్ రాసిన చీటీని తన బల్ల మీద ఉంచుకున్న యాన్ కూమ్ దాని సృష్టికర్త. నంబరు ఫోన్లో ఉంటే చాలు, మనిషి అందులో కనిపిస్తాడు. 2009లో మొదలై, హైక్ పుట్టేనాటికే చవక నోకియాల్లోనూ కుదురుకుంది. 2014లో దాన్ని ఫేస్‌బుక్‌కి 1,900 కోట్ల డాలర్లకు అమ్మిన బేరంలో ముందున్న నీరజ్ అరోరా, ఐఐటీ ఢిల్లీలో ఇంజినీరింగ్, హైదరాబాద్ ఐఎస్‌బీలో ఎంబీఏ చదివినవారు. ఆ గెలుపులోనూ మనవాళ్ల చెయ్యి ఉంది.

హైక్ బలమే దాని గోతి తవ్విందని నాకనిపిస్తుంది. పెద్దవాళ్లకు దొరక్కుండా మాట్లాడుకునే చోటుకి పెద్దవాళ్లు ఎందుకొస్తారు? గుర్గావ్ అపార్ట్‌మెంట్ల మెయింటెనెన్స్ కబురు, నోయిడా బడి హోంవర్కు, ఇంట్లో గ్యాస్ బుకింగు ముచ్చట, అన్నీ వాట్సాప్‌లోకే వచ్చాయి. కొడుకు ఢిల్లీలో ఉన్న తల్లి “తిన్నావా నాన్నా, ఫొటో పెట్టు” అనేది అందులోనే. అబ్బాయి హైక్‌ని సరదాకి ఉంచుకుంటాడు, ఫోన్లో చోటు చాలని రోజున తీసేస్తాడు.

ఆ తర్వాత హైక్ వాలెట్ పెట్టింది, వార్తలు పెట్టింది, ఆటలు పెట్టింది. 2019లో అవన్నీ వదిలి ఒట్టి స్టిక్కర్ చాట్‌గా మిగిలింది. 2017 నవంబరులో నోయిడా పేటీఎం కూడా ‘ఇన్‌బాక్స్’ పేరుతో మెసేజింగ్ తెచ్చింది. డబ్బు పంపడానికి పేటీఎం తెరిచేవాళ్లు కబుర్లకు దాన్ని తెరవలేదు.

2021 జనవరిలో విచిత్రం జరిగింది. వాట్సాప్ కొత్త ప్రైవసీ షరతులు చూసి జనం గుంపులుగా సిగ్నల్‌కి పరిగెత్తిన ఆ వారమే హైక్ తన మెసెంజర్‌ని మూస్తున్నట్టు ప్రకటించింది, 14న మూసేసింది. పాశ్చాత్య కంపెనీలను నిషేధిస్తే తప్ప భారత్‌కు సొంత మెసెంజర్ ఉండదని మిత్తల్ అన్నారు. చేదు మాటే గానీ, ఎనిమిదేళ్లు చెయ్యి కాల్చుకున్న మనిషి మాట.

టెలిగ్రామ్ నిలబడింది కదా అంటారేమో. అది వాట్సాప్ పని చేయడానికి రాలేదు. ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్‌లో సివిల్స్‌కి చదివే తెలుగు కుర్రాణ్ని అడగండి. వాట్సాప్ గ్రూపు 256 మందితో ఆగిపోతే టెలిగ్రామ్ గ్రూపులో రెండు లక్షల మంది పట్టేవారు. వాట్సాప్‌లో 100 ఎంబీ దాటిన డాక్యుమెంటు పోని రోజుల్లో ఇందులో 2 జీబీ పోయేది. కోచింగ్ నోట్సులు దొంగచాటుగా ఎంత పారాయంటే, ఒక టీచరమ్మ వేసిన కేసులో ఛానెళ్లు నడిపేవాళ్ల వివరాలు ఇమ్మని 2022 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు టెలిగ్రామ్‌ను ఆదేశించింది.

2025 సెప్టెంబరులో చెన్నై జోహో వాళ్ల మెసెంజర్ అరట్టైని వాడమని ఢిల్లీలో కేంద్ర మంత్రి ధర్మేంద్ర ప్రధాన్ పిలుపునిచ్చారు, డౌన్‌లోడ్లు ఒక్కసారిగా ఎగిశాయి. హైక్ అప్పటికి రష్ అనే ఆటల యాప్ మీద నడుస్తోంది. రష్ లాంటి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆగస్టులో పార్లమెంటు నిషేధించింది. అరట్టై మోగిన ఆ సెప్టెంబరులోనే మిత్తల్ హైక్ కంపెనీని పూర్తిగా మూసేస్తున్నట్టు ప్రకటించారు.