కోలా ముక్కూ, అరకు వలిసె గింజా

ప్రొడక్షన్లో ఏదైనా పడిపోతే మనం ముందు చేసేది సర్వర్ రీస్టార్ట్. కారణం వెతకడం తర్వాత సంగతి, అదీ మేనేజరు అడిగితే. జూలో జబ్బుపడ్డ జంతువుకి మందేసి మళ్ళీ అదే బోనులో వదిలేయడం కూడా ఇలాంటిదే. జబ్బు ఆ బోనులోనే కూర్చుని ఉంటే?

క్రిప్టోకాకస్ అని ఒక ఫంగస్ ఉంది. గాలితో పాటు ముక్కులోకి పోతుంది, అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకీ, మెదడుకీ. మామూలుగా ఒకరి నుంచి ఒకరికి అంటదు. అంటే ప్రతి రోగి చుట్టుపక్కలా అది పెరిగే చోటు ఒకటి ఉండి తీరాలన్నమాట. 1955లో చెస్టర్ ఎమ్మన్స్ అనే ఆయన అమెరికాలో పావురాల రెట్టలో దీన్ని పట్టుకున్నాడు. బగ్ దొరికింది, టికెట్ క్లోజ్ అనుకోవచ్చు. కానీ దీనికి గట్టీ అని ఓ దగ్గరి చుట్టం ఉంది, దాని అడ్రసు వేరు. అది 1990 దాకా దొరకలేదు. ఆ ఏడు అడిలైడ్‌కి చెందిన డేవిడ్ ఎలిస్, తానియా ఫైఫర్ బరోసా లోయలో యూకలిప్టస్ చెట్ల దగ్గర దాన్ని పట్టారు. అదేనండీ, మన జామాయిల్. చెట్టు పూతకొచ్చినప్పుడు బయటపడుతుందని వాళ్ళ ఊహ. తర్వాత చూస్తే పూలకంటే, పుచ్చిపోయిన తొర్రల్లోనే ఎక్కువగా దొరుకుతూ వచ్చింది.

ఇంతకీ దాన్ని పట్టడం ఎలా? చెట్టు మీద దూది పుల్ల రుద్దితే వంద రకాల బూజులొస్తాయి. 1962లో జర్మనీలో స్టైబ్ అనే శాస్త్రవేత్త పక్షుల మేతలో కలిపే ఒక గింజతో వంటకం లాంటిది చేశాడు. దాని మీద క్రిప్టోకాకస్ ఒక్కటే ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది, మిగతావి చాలావరకు తెల్లగానే ఉంటాయి. ఆ గింజ ఏమిటో తెలుసా? వలిసెలు! అరకు వెళ్ళి పసుపు పూల మధ్య ఫోటో దిగొచ్చామే, అవే. లక్ష లైన్ల లాగ్‌లో గ్రెప్ కొట్టినట్టు పనిచేస్తుంది.

ఇక కోలాలు. అవి తినేది ఆ చెట్ల ఆకులే, పడుకునేదీ ఆ చెట్ల మీదే. సిడ్నీలో క్రాకెన్‌బర్గర్, మాలిక్, కాన్‌ఫీల్డ్ ఆరోగ్యంగా ఉన్న కోలాల ముక్కుల్లోంచీ, అవి ఉండే చోట్ల నుంచీ నమూనాలు తీశారు. 2002లో అచ్చయిన వాళ్ళ పని ప్రకారం, ముక్కులో ఫంగస్ ఎంతుందో చూస్తే చుట్టూ ఎంతుందో అంచనా కట్టొచ్చు. ఆ ముక్కే మానిటరింగ్ టూల్! నాకు అసలు నచ్చిన మెలిక ఇంకోటుంది: చెట్టు కోలాకి ఇవ్వడమే కాదు, కోలా కూడా తన చుట్టూ దాన్ని పెంచుతూ ఉండొచ్చు. జంతువు బాధితురాలా, కారణమా అంటే రెండూను. దుంగలు మార్చినంత మాత్రాన బోను శుభ్రమైపోతుందని నేననుకోను.

యూకలిప్టస్‌దే తప్పని తీర్మానించుకున్నవాళ్ళకి 1999లో కెనడాలోని వాంకూవర్ దీవి షాకిచ్చింది. చలి ప్రాంతం, అక్కడి అడవుల్లో జామాయిల్ లేదు. అయినా మనుషులూ, కుక్కలూ, పిల్లులూ, సముద్రంలో పోర్పాయిస్‌లూ ఇదే ఫంగస్‌తో జబ్బుపడ్డాయి. వెతికితే డగ్లస్ ఫర్ లాంటి స్థానిక చెట్ల మీదే దొరికింది.

మన దేశంలో 1997లో జామాయిల్ మీద దొరికింది. తర్వాత ఢిల్లీలో రంధవా బృందం చూసింది నేరేడు చెట్ల తొర్రల్లో. ఇది చదివాక నాకు కాస్త గుబులు పుట్టింది, ఎందుకంటే మా ఊళ్ళో పెరటి నేరేడుకి పెద్ద తొర్ర ఉంది, చిన్నప్పుడు చిలక పిల్లల కోసం అందులో చెయ్యి పెట్టేవాళ్ళం. అమ్మకి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. "అయితే చెట్టు కొట్టించెయ్యమంటావా ఏంట్రా?" అంది.

వద్దన్నాను. కాయలు పంపించమన్నాను.