చెప్పుకొనరాని రోగము

మలాశయవ్యాధులను గూర్చి నలుగురిలో మాటాడుట నేటికిని మనలో మర్యాద గాదు. సుశ్రుతుడు అర్శస్సులకును భగందరమునకును వేర్వేరు అధ్యాయములు వ్రాసెను. ఆయనకు లేని సిగ్గు మనకెట్లు వచ్చెనో!

ఇంగ్లండులోను ఈ వ్యాధి చెప్పుకొనరానిదే. 1835లో ఫ్రెడరిక్ సామన్ అను శస్త్రవైద్యుడు లండనులో బీదలకై ఏడు పడకలతో ఒక వైద్యశాల తెరచెను. అదియే పిమ్మట సెయింట్ మార్క్స్ ఆసుపత్రి యయ్యెను. మత్తుమందు లింకను రాని 1841లో నవలాకారుడగు డికెన్సునకు భగందర చికిత్స చేసినవాడు ఈ సామనే.

క్యాన్సరు విషయమున మాత్రము కత్తి యొక్కటియే చాలలేదు. 1922లో అచట చేరిన కత్‌బర్ట్ డ్యూక్స్ రోగులను కోయువాడు గాడు, కోసి తీసిన పేగులను పరీక్షించువాడు. రోగము పేగు గోడలోనే యున్నదా, గోడ దాటినదా, శోషరసగ్రంథులకు ప్రాకినదా యని చూచి, 1932లో ఆయన మూడు తరగతు లేర్పరచెను. ఎవరు బ్రదుకుదురో యంచనా వేయుటకు శస్త్రవైద్యునకు అది ఆధారమయ్యెను.

అంతకంటె గొప్పది, నా దృష్టిలో, ఒక పట్టీ పుస్తకము. పేగులలో వందలకొలది బుడిపెలు పుట్టి క్యాన్సరుగా మారు వ్యాధి కొన్ని వంశములలో కలదు. డ్యూక్సును, లాక్‌హార్ట్ మమ్మరీ యను శస్త్రవైద్యుడును గలసి 1924లో అట్టి కుటుంబముల పట్టీ నారంభించిరి. బస్సీ యను ప్రయోగశాలా సహాయకుడు దశాబ్దముల తరబడి దానిని పెంచెను. తండ్రి పేరు చూచి బిడ్డలను పిలిపించి, క్యాన్సరు రాకమున్నే పేగు తీసివేసి కాపాడుటకు అది దారి చూపెను. ఆ వ్యాధికి మూలమగు జన్యువు 1991లో గాని తెలియలేదు.

నేడు శస్త్రవైద్యుడు, రోగశాస్త్రజ్ఞుడు, ఛాయాచిత్ర నిపుణుడు, ఔషధవైద్యుడు ఒక్కచోట కూర్చుండి చికిత్స నిర్ణయించుచున్నారు. వారందరికిని ముందు కావలసినది "మీ యింట ఇంకెవరికైన ఉండెనా?" యను ప్రశ్నకు జవాబు. మన యిండ్లలో తరచుగా వినవచ్చు జవాబు: "తాత కడుపునొప్పితో పోయినాడండీ."