దారుల్ తర్జుమా నుంచి తుర్కపల్లి దాకా

సైన్సును ప్రజల భాషలో చెప్పాలన్న మాట కొత్తదని కొందరు అనుకుంటారు. మన హైదరాబాదుకు అది పాత సంగతే. పాయిగా అమీరు నవాబ్ ఫఖ్రుద్దీన్ ఖాన్, రెండవ షమ్సుల్ ఉమరా, 1834లో మద్రసా-ఎ-ఫఖ్రియా స్థాపించారు. యూరపు శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తర్జుమా చేయించి, సొంత రాతి అచ్చుకూటంలో వేయించారు. ‘సిత్తా-ఎ-షమ్సియా’ అనే ఆరు పుస్తకాలు అక్కడివే. తెలుగులో ఈ పనికి 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు, వారి మిత్రులు ఈ నగరంలోనే విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో దారుల్ తర్జుమా ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హక్ సాహెబ్ దాని తొలి నాజిమ్. అసలు తంటా పదాల దగ్గర వచ్చింది. అన్నీ అరబ్బీ నుంచే తేవాలా? అక్కర్లేదు, ఉర్దూ నడకకు తగ్గట్టు హిందీ, ఫార్సీ ముక్కలు కలిపి పదాలు కట్టవచ్చని వహీదుద్దీన్ సలీమ్ సాహెబ్ వాదించారు. 1921లో ‘వజ్-ఎ-ఇస్తిలాహాత్’ అని దానిమీద ఒక గ్రంథమే రాశారు. అయినా ఆ పుస్తకాలు కాలేజీ కుర్రవాళ్ళ కోసమే. 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది, అవి అలమారల్లోకి వెళ్ళాయి.

నేను క్లాసులో ‘జియాయీ తాలీఫ్’ అని బోర్డు మీద రాస్తాను. పక్కనే తెలుగు మీడియం సారు ‘కిరణజన్య సంయోగక్రియ’ అని రాస్తారు. శామీర్‌పేట చెరువు గట్టున మేకలు కాసే మనిషికి రెండూ ఒకటే: ఏమీ అర్థం కావు! “ఆకు ఎండతో తన అన్నం తానే వండుకుంటుంది” అంటే మాత్రం తల ఊపుతాడు. తర్జుమా అయ్యాక కూడా ఈ మెట్టు ఒకటి మిగిలే ఉంటుంది. మన పెద్దలు మొదటి మెట్టు గట్టిగా కట్టారు, రెండోదాని జోలికి అంతగా పోలేదని నా అభిప్రాయం.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దుర్భిణీలు సర్దుకుని కూర్చున్నారు. చుట్టుపక్కల మాత్రం తలుపులు బిగించుకున్న ఇళ్ళు ఎన్నో.

కరోనా టీకా కొవాక్సిన్‌కు 2021 జనవరిలో అనుమతి వచ్చింది. దాన్ని తయారుచేసిన భారత్ బయోటెక్ మన శామీర్‌పేట దగ్గర తుర్కపల్లిలోనే, జీనోమ్ వ్యాలీలో ఉంది. అయినా మన గల్లీల్లో ఎన్ని భయాలు! “సార్, దాంట్లో ఏం పోస్తారు?” అని మేడ్చల్‌లో ఒక ఖాలా అడిగింది. చచ్చిన వైరస్ అమ్మా, దొంగ ఫోటో ఠాణాలో అంటించినట్టు, దొంగ రాకముందే మన ఒంట్లో సిపాయిలు మొహం గుర్తుపెట్టుకుంటారు అన్నాను.

“మరి రెండో డోసు ఎందుకు?” అంది వెంటనే. ఒక్కసారి చూస్తే మొహం సరిగ్గా గుర్తుండదు కదా ఖాలా, అన్నాను.