ఎనిమిది నెలలకు అవతల

1982 జూలై. కడుపులో క్యాన్సర్ ఉందని తేలింది, మొదటి ఆపరేషన్ అయింది. కాస్త తేరుకోగానే పేషెంటు తన డాక్టరమ్మను ఒకటే అడిగారు, ఈ జబ్బు గురించి చదవాలంటే మంచి వైద్య పత్రాలు ఏమున్నాయని. ఏదీ దాచకుండా మొహం మీదే చెప్పే మనిషి ఆవిడ. ఆ ఒక్కసారి మాత్రం మాట దాటవేశారు. చదవదగ్గదంటూ ఏమీ లేదన్నారు.

ఆ పేషెంటు స్టీఫెన్ జే గూల్డ్. వయసు 40. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు, జీవపరిణామం మీద పేరున్న శాస్త్రవేత్త. ఏమీ లేదంటే ఊరుకునే రకం కాదు. లేచి నడవగలగడమే ఆలస్యం, హార్వర్డ్ వైద్య గ్రంథాలయం కౌంట్‌వేకి వెళ్లి కంప్యూటర్లో జబ్బు పేరు కొట్టారు. మీసోథీలియోమా. ఆస్బెస్టాస్ దుమ్ముతో ముడిపడ్డ అరుదైన క్యాన్సర్. ఆయనకు పొట్ట లోపలి పొరకు పట్టింది.

గంట గడిచేసరికి అసలు సంగతి బయటపడింది. నయం కాదు. జబ్బు తెలిశాక బతికే కాలం, మధ్యగతం లెక్కన, 8 నెలలు. పావుగంటసేపు కొయ్యబారిపోయారు. డాక్టరమ్మ ఎందుకలా అన్నారో అప్పుడు అర్థమైంది.

మన ఇళ్లలో ఈ ఘట్టం ఇంకోలా నడుస్తుంది. కొడుకో అల్లుడో డాక్టరును వరండాలోకి తీసుకెళ్లి, ఆయనకు మాత్రం చెప్పకండి సార్ అంటారు. తర్వాత గొంతు తగ్గించి, ఎన్నాళ్లండీ అని అడుగుతారు. డాక్టరు ఒక అంకె చెబుతారు. ఆ రోజు నుంచి ఇల్లంతా ఆ అంకెనే లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. పేషెంటు అందరి మొహాలూ చూసి తన లెక్క తాను వేసుకుంటాడు.

గూల్డ్‌కు అంకెల్ని చూసే అలవాటు వేరు. బహామాస్ దీవుల నత్తగుల్లలను ఏళ్ల తరబడి కొలిచిన మనిషి. సగటు మన లెక్కలో పుట్టేదే తప్ప ప్రకృతిలో ఉండేది తేడాలేనని ఆ పని ఆయనకు నేర్పింది. అందుకే అంకె దగ్గర ఆగకుండా దాని వెనకాల, ఎంతమంది ఎన్ని నెలలు బతికారో చూపే గీతను ఊహించుకున్నారు.

సగం మంది 8 నెలల లోపు పోయారు, సరే. మరి మిగతా సగం? ఎడమవైపు వాళ్లంతా సున్నాకూ ఎనిమిదికీ మధ్య ఇరుక్కున్నారు, ఇంకా అటు జరగడానికి చోటే లేదు. కుడివైపు ఆ అడ్డు లేదు. అక్కడ గీత సన్నని తోకలా ఏళ్ల దాకా సాగుతుంది. తానెటువైపు? వయసు తక్కువ, జబ్బు తొందరగా దొరికింది, మంచి వైద్యం అందుతోంది, బతకాలని గట్టిగా ఉంది. పైగా ఆ గీత పాత వైద్యం చేయించుకున్నవాళ్లది. తనకు చేయబోయేది కొత్త ప్రయోగ చికిత్స. అది పనిచేస్తే గీతే మారిపోతుంది. ఇదంతా ఆలోచించుకున్నాకే ఆయన ఊపిరి పీల్చుకున్నారు. 1985లో ఈ అనుభవాన్ని వ్యాసంగా రాశారు. ఎందరో క్యాన్సర్ పేషెంట్లకు అది ధైర్యమిచ్చింది.

నా బాధల్లా ఒకటే. గూల్డ్‌కు గణాంకాలు వచ్చు కాబట్టి ఆ గీత తానే గీసుకున్నారు. ఊళ్లోంచి తల్లిని తీసుకొచ్చి క్యాన్సర్ ఆసుపత్రి ఓపీ వరుసలో నిలబడ్డ కూతురికి ఎవరు గీసిపెడతారు?

గీసిపెట్టే సాధనాలు వచ్చాయి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్ల కోసం ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి పరిశోధకులు ‘ప్రెడిక్ట్’ అని ఒకటి తయారుచేశారు. వయసు, గడ్డ సైజు, చంకలో ఎన్ని గ్రంథులకు పాకింది వంటి వివరాలిస్తే తెర మీద 100 మంది ఆడవాళ్ల బొమ్మలు వస్తాయి. ఆపరేషన్‌తోనే బతికేవాళ్లు ఒక రంగు. హార్మోన్ మాత్రల వల్ల అదనంగా బతికేవాళ్లు ఇంకో రంగు, కీమో వల్ల బతికేవాళ్లు మరో రంగు. కీమోతో వందలో ఇద్దరికే మేలని కళ్లకు కనబడిందనుకోండి. ఆ ఇద్దరిలో నేనుండొచ్చు, చేయించుకుంటానని ఒకావిడ అనొచ్చు. ఇంత తక్కువ మేలుకు ఆ వాంతులు, ఆ నీరసం నాకొద్దని మరొకావిడ అనొచ్చు. రెండూ సరైన నిర్ణయాలే. మందు పేరు విని తలూపడం కంటే ఎంతో నయం. ఆ లెక్క ఇంగ్లండ్ ఆడవాళ్ల వివరాలతో కట్టింది, మనవాళ్లకు యథాతథంగా పొసగకపోవచ్చు. పద్ధతి మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది. తెల్లకాగితం మీద పెన్నుతో గీసినా చాలు.

బొమ్మ అందరికీ మంచి కబురే చెప్పదు. చెడ్డ కబురైనా సరే, మిగిలిన రోజులు ఎలా గడపాలో తేల్చుకోవాల్సింది పేషెంటే.

గూల్డ్ కోలుకున్నారు. మరో 20 ఏళ్లు పుస్తకాలు రాశారు, పాఠాలు చెప్పారు. 2002 మే 20న, 60 ఏళ్ల వయసులో పోయారు. ఆయన్ను తీసుకెళ్లింది వేరే క్యాన్సర్, మీసోథీలియోమా కాదు.

మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చి డాక్టరు నెలల లెక్క చెబితే, ఒక్క మాట అడగండి: మా అమ్మ వయసులో, ఇదే దశలో ఉన్న వంద మందిని గీసి చూపించండి సార్, అని. అడిగేటప్పుడు అమ్మను బయట కూర్చోబెట్టకండి.